సర్వేయరు టేపు సరిచేసిన రోజు

మే నెల, శనివారం, ఉదయం. హాజరైనవారు: నేను, నా భార్య సుభద్ర, పక్కన పాల దుకాణం నడిపే యాదగిరి, సర్వేయరు, ఆయన టేపు పట్టే మనిషి. గైర్హాజరు: నా బుద్ధి.

కొన్నేళ్ళ కిందటి నా డైరీలో ఆ పేజీ ఇలా మొదలవుతుంది. ఒక మనిషి తన ఇంటిని, పక్కవాడి బతుకుతెరువును ఎవరూ అడగకుండానే సర్కారుకు ఎలా అప్పగించవచ్చో నేర్చుకోవాలనుంటే, చదవండి.

గౌలిపురలో మా వీధిని వెడల్పు చేస్తామన్నారు. మా వైపు ఇళ్ళు, ఎదురుగా ఒక సర్కారు గోదాం గోడ. వీధి మధ్యలో ఉన్నట్టు కనిపించిన మ్యాన్‌హోల్ మూత దగ్గర టేపు పెట్టించి, అక్కణ్ణించి కొత్త రోడ్డులో సగం వెడల్పు సర్వేయరు మా వైపు లాగించాడు. ఎక్కడిదాకా కూలుస్తారో చూపే ఎర్ర గీత యాదగిరి మెట్ల మీద పడింది. మాకూ మెట్ల మీదే.

"మెట్లు పోతే పోనీ సారూ, మా బాపు పెట్టిన దుకాణం మిగిలింది," అని యాదగిరి ఊపిరి పీల్చుకున్నాడు.

నేనూ ఊపిరి పీల్చుకుని లోపలికి పోవలసింది. కానీ ఉద్యోగమంతా ఇతరుల లెక్కల్లో తప్పులు పట్టి పెన్షను తెచ్చుకున్నవాణ్ణి. మూత గోదాం వైపుకు జరిగి ఉందని నా కంట పడింది. అంతే, బ్యాండుమేళం విన్న పెళ్ళిగుర్రంలా నాలో ఆడిటరు లేచాడు.

"బాబూ, ఆ మూత వీధికి సరిగ్గా మధ్యలో లేదు."

"నడుస్తది పెద్దసారూ. ఎండ మస్తుగున్నది," అన్నాడు సర్వేయరు.

"ప్రభుత్వ పనిలో నడవడమేమిటి? వీధి మొత్తం కొలిచి సగం చేయండి."

యాదగిరి నాకు కన్ను కొట్టాడు. పాపం, దుమ్ము పడిందనుకున్నాను. కాలు తొక్కాడు. చోటు చాలలేదేమోనని పక్కకు జరిగాను.

"సారూ, అమ్మ పిలుస్తున్నది, లోపలికి పోండ్రి!"

"అవునండీ, వెంటనే రండి!" అంది గుమ్మంలోంచి సుభద్ర. ఆవిడకు అప్పటికే అర్థమైపోయింది.

"ఉండవే, ఈ తప్పొకటి దిద్ది వస్తాను."

"ఛోడో సాబ్," అని టేపు మనిషి గొణిగాడు. నేను వదల్లేదు. టేపు కొస నేనే పట్టుకుని గోదాం గోడకు ఆనించాను. మధ్యలో కాస్త కుంగితే, "బిగించి పట్టండి" అని కూడా అన్నాను మహాప్రభో!

వీధికి అసలు మధ్య మా ఇళ్ళకు దగ్గరగా తేలింది. కొత్త గీత మెట్లు దాటింది, గడప దాటింది, యాదగిరి ఫ్రిజ్ వెనక్కి పోయి ఆగింది. మాకు ముందుగది మధ్యకు వచ్చింది. గోదాం గోడకు మాత్రం గీటు కూడా పడలేదు.

"మీ అసుంటి పెద్దమనుషులుంటే మాకు ఫికరే లేదు సారూ," అని సర్వేయరు దండం పెట్టి వెళ్ళాడు.

"గిట్ల చేస్తిరేంది సారూ," అన్నాడు యాదగిరి.

ఆ వీధి ఈనాటికీ వెడల్పు కాలేదు. రోడ్డు వేసే తొందర సర్కారుకు లేదు, గీత చెరిపే తీరికా లేదు. గీత పడ్డ దుకాణానికి అప్పు పుట్టదు, మరమ్మతుకు అనుమతి రాదు. రోడ్డు రాకుండానే దుకాణం మీదుగా పోయింది.

మర్నాడు ఉదయం గిన్నె పట్టుకుని పాలకు వెళ్ళాను. యాదగిరి లీటరు డబ్బా నా చేతిలో పెట్టి, క్యాను నా ముందుకు జరిపాడు.

"మీరే కొలుసుకోండ్రి సారూ. నా కొలత తప్పయితే మీరు ఊకుంటరా?"

కొలుచుకున్నాను. అలవాటు లేక కాసిని పాలు ఒలకబోశాను. వీధికి నడిమధ్య చార్మినార్ పైన ఉందని సర్కారు చెప్పినా ఇకపై తలూపుతానే తప్ప టేపు ముట్టనని అక్కడే, ఆ పాల సాక్షిగా, ప్రమాణం చేసుకున్నాను.