నాయిన పడవలో చేపల మిషను

దిల్‌సుఖ్‌నగర్‌లో మా ఆయనా నేనూ నడిపే కొట్టులో పడవలకు పెట్టే చేపల మిషన్లు అమ్ముతాం. పడవ కిందినుంచి నీళ్లలోకి శబ్దం పంపి, తిరిగొచ్చినదాన్నిబట్టి చేపలెక్కడున్నాయో తెరమీద చూపిస్తాయవి. బిగించేదీ, వాడకం నేర్పేదీ నేనే. గొప్పకే చెబుతున్నాను, ఎందుకు చెప్పకూడదు?

నల్లగొండ దిక్కు రిజర్వాయరులో మా నాయిన చేపలు పడతాడు. మా బిడ్డ దగ్గర కొనండని తోటివాళ్లను ఊదరగొట్టి, అందరికీ కలిపి ఒక మిషను కొనిపించాడు. నెల తిరక్కుండానే వాళ్లలో ఇద్దర్ని వెంటేసుకుని ఎల్‌బీ నగర్‌లో బస్సు దిగి, మిషనును సంచిలో పెట్టుకుని కొట్టుకొచ్చాడు. తెరమీద చేపలు కనబడ్డచోటే వల విసురుతున్నారట, ఖాళీగా వస్తోందట. మునిగిన గుట్ట దగ్గరైతే చెట్ల మోడులకు తగులుకుని వలలు చిరుగుతున్నాయట. వచ్చినవాళ్లు నన్ను వదిలి నాయిన వైపే చూశారు. అంతమందిలో మాట పోయిందని ఆయన తల దించుకుని కూర్చుంటే నాకు ఒళ్లు మండింది.

మిషను ఆన్ చేసి చూద్దును కదా, శబ్దాన్ని చుట్టూ పరిచే వెడల్పు కిరణం మీదే పెట్టి ఉంది. తెర నిండా చేపలు కనబడతాయని అందరూ చేసే పనే. షట్టరు సగం దించి, మూతి తిప్పితే వెలుగు మారే టార్చిని గోడమీద వేశాను. గోడమీద పెద్ద వలయం పడింది, వెలుగు మాత్రం మసక.

"ఇది వెడల్పుది. చుట్టూ చూస్తది గానీ లోతుల బలం చాలదు. ఇందుల కనబడ్డ చేప మీ పడవ కిందనే ఉండాలని లేదు," అన్నాను.

మూతి తిప్పితే వలయం చిన్నదై వెలుగు చురుక్కుమంది. సన్న కిరణం అలాంటిదే, కొంచెం జాగానే చూసినా లోతుకు దిగుతుంది. వెతికేటప్పుడు వెడల్పుది, వల విసిరేముందు సన్నది. గుట్టవాలు మీద వెడల్పు కిరణం ముందు తగిలిన మిట్టనే అడుగుగా చూపించి, పక్క లోతులోని మోడులను దాచేస్తుందని కూడా చెప్పాను.

గోడమీద మంచిగనే ఉంది, నీళ్లమీద చూడాలె అన్నాడు ఒకాయన. నా నోటికి తాళముండదని మా ఆయన అంటాడు. పదండి, చూపిస్తా అన్నాను.

మా ఇళ్లల్లో ఆడవాళ్లు చేపలు అమ్ముతారు తప్ప వేటకు పడవెక్కరు. మరునాడు పొద్దున రిజర్వాయరు ఒడ్డున గొణుగుడు మొదలైంది. నాయిన వినిపించుకోకుండా చెయ్యిచ్చి నన్ను ఎక్కించాడు. ఆ ఇద్దరూ వెంట వచ్చారు. గుట్ట దగ్గర సన్న కిరణం పెట్టగానే అడుగున మోడులు కనబడ్డాయి. పడవను పక్కకు నడిపించాను. కాసేపటికి చేపల గుంపు సరిగ్గా మా కిందికొచ్చింది.

వల ఎక్కడ పడాలో ఆ మందిలో చెప్పేది ఎప్పుడూ మా నాయినే. ఆయన వల భుజానేసుకుని నా మొహం చూశాడు.

"ఏడెయ్యమంటవు బిడ్డా?"

చూపించాను. ఆ వల పైకి లాగడానికి నాయిన బలం చాలక, వెంటవచ్చిన ఆ ఇద్దరూ చెయ్యి వేయాల్సి వచ్చింది.