అమెరికా కోచ్‌ వెనక నడిచిన రోజులు

గల్ఫ్‌లో, మిష్రిఫ్ అనే పేటలో నేను డ్రైవరుగా పనిచేసిన ఇంటికి ఒక చలికాలంలో అమెరికా నుంచి ఒకాయన వచ్చి దిగాడు. మా కఫీల్, అంటే నాకు వీసా ఇచ్చిన యజమాని, ఆయన పెద్దకొడుకు అమెరికాలో చదువుకుని, అక్కడి ఫుట్‌బాల్ పిచ్చి అంటించుకుని వచ్చాడు. స్నేహితులతో జట్టు కట్టి, వాళ్ళకు ఆట నేర్పడానికి ఈయన్ను పిలిపించాడు. ఎనిమిదేళ్ళు అదే ఉద్యోగంగా ఆడినవాడట, డిఫెన్స్ ఆటగాడట. ఇంటి వెనక రెండు గదులు ఆయనకిచ్చారు.

నాకు మొదటిరోజే నమ్మకం కుదరలేదు. ఎయిర్‌పోర్టులో పెట్టె అందుకోబోతూ ఆయన చేతులు చూశాను. చిటికెన వేలు పక్కకు తిరిగిపోయి ఉంది, తక్కిన వేళ్ళ కణుపులు ఉబ్బి ఉన్నాయి. ఫుట్‌బాల్ అంటే నాకు తెలిసింది కాలితో తన్నే ఆట. కాలితో ఆడేవాడికి వేళ్ళెందుకు విరుగుతాయి? అట్లాంటి చేతులు మా రాయచోటి వైపు రాళ్ళు కొట్టేవాళ్ళకు తప్ప ఎవరికీ ఉండగా చూడలేదు.

ఆ ఇంట్లో పనిచేసే గోదావరి జిల్లా అమ్మాయికీ అనుమానమే.

"అన్నయ్యా, ఆయన గదినిండా చీటీలేనండి. తలుపు మీదొకటి, అద్దం మీదొకటి. తుడవబోతే ముట్టుకోవద్దని చెయ్యి అడ్డం పెట్టేశాడు."

"వాటిలో ఏం రాసినాడమ్మా?"

"ఇంగ్లీషు నాకెక్కడొచ్చండీ? నాకైతే బయమేత్తంది."

వారం తిరక్కుండా మామా నన్ను వంటింటి గుమ్మం దగ్గరికి పిలిచింది. కఫీల్ భార్యను పనివాళ్ళం అట్లాగే పిలుస్తాం. "వెన్ యరూహ్ అమెరికీ?" అని గొంతు తగ్గించి అడిగింది. ఆయన ఎక్కడెక్కడికి పోతున్నాడో తనకు చెప్పాలి, కొడుక్కి తెలియకూడదు. తాగుతాడనో, ఇంకేదైనా గూడుపుఠాణీ ఉందనో ఆమె భయం. నా ఇఖామా, ఆ దేశంలో నన్ను ఉండనిచ్చే కాగితం, ఆ ఇంటివాళ్ళ పేరు మీద ఉంది. "జైన్ మామా" అని ఒప్పుకున్నాను. నిజం చెప్పాలంటే, ఆమె అడక్కపోయినా నేను కనిపెట్టేవాణ్ణే.

ప్రతి మంగళవారం ఆయన ఫర్వానియా పోదామనేవాడు. ఆసుపత్రికి అవతల సందు మొదట్లో దిగి, "గంట తర్వాత ఇక్కడికే రా" అని చెప్పి, నా బండి మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడేవాడు. మూడో మంగళవారం బండి పక్కవీధిలో పెట్టి వెనక నడిచాను. ఆయన ఎత్తుకు జనంలో తల పైకి కనిపిస్తూనే ఉంది. జ్యూస్ షాపు దగ్గర ఒకసారి ఆగాడు. నేను ఫోన్ చెవికి పెట్టుకున్నాను. ఆయన వెనక్కి చూడలేదు. రెండు సందులు దాటి ఒక క్లినిక్ మెట్లెక్కాడు. బోర్డు మీద మెదడు బొమ్మ ఉంది.

చాలాసేపటికి బయటికొచ్చాడు. మెట్ల మీద నిలబడి కుడివైపు చూశాడు, ఎడమవైపు చూశాడు. పది అడుగులు వేసి వెనక్కొచ్చాడు. జేబులోంచి చీటీ తీసి చదివి, మళ్ళీ వీధిని చూశాడు. అంత భారీ మనిషి, దారి తెలియక చీటీని రెండు చేతుల్తో పట్టుకుని నిలబడితే నేనింక చూడలేకపోయాను. దగ్గరికి పోయి "సార్" అన్నాను.

"జ్యూస్ షాపు నుంచి నా వెనకే ఉన్నావు" అన్నాడు. "అది నాకు తెలుసు. బండి ఎక్కడుందో మాత్రం తెలియడం లేదు."

సిగ్గుతో నా మొహం కాలిపోయింది. బండి ఎక్కాక, స్టార్ట్ చెయ్యకుండానే అడిగాను, ఎట్లా కనుక్కున్నారని. మా ఇద్దరి మధ్యా నా వచ్చీరాని ఇంగ్లీషే.

"నా ఉద్యోగమే అది. బంతి మా దగ్గర ఉండదు. అవతలి జట్టువాళ్ళు బంతి ఒకడి దగ్గరుందని నమ్మించి ఇంకొకడి చేతిలో పెడతారు. ఎవణ్ణీ నమ్మకుండా చూసి, అసలువాణ్ణి పట్టుకుని పడెయ్యాలి. కళ్ళు చూడకూడదు, నడుం చూడాలి. నువ్వు ఫోన్ మాట్లాడుతున్నట్టు నటించావు, షాపు అద్దంలో చూస్తే నీ నడుం నావైపే తిరిగి ఉంది."

తర్వాత తనే చెప్పుకొచ్చాడు. వాళ్ళ ఫుట్‌బాల్ కాలితో తన్నేది కాదట, బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తే ఆటట. నెత్తిన హెల్మెట్ పెట్టుకుని, తలను పొట్టేలులా వాడేవాళ్ళట. ఒకసారి గట్టిగా ఢీకొట్టి, లేచి, అవతలి జట్టువాళ్ళ మధ్యకు పోయి నిలబడ్డాడట. అందరూ నవ్వారు, తనూ నవ్వాడు. తర్వాతి ఆటకు మళ్ళీ దిగాడు. మూడు జట్లు మారాడు. ఆట మానేశాక రెండేళ్ళకు పొయ్యి మీద గిన్నె మరిచిపోవడం మొదలైంది.

"ఇంట్లో చెప్తావా?" అని అడిగాడు.

నేను బండి స్టార్ట్ చేశాను.

ఆ సాయంత్రం మామా అడిగింది. "పళ్ళ డాక్టరు" అన్నాను. ఆమె నమ్మలేదు. మరుసటి మంగళవారం నుంచి "నువ్వెందుకు అక్కడ అంతసేపు?" అని నన్నే ప్రశ్నించడం మొదలుపెట్టింది. నా గది కూడా వెతికించింది. గోదావరి అమ్మాయి కూడా "ఆయనా మీరూ ఒకటైపోయారేటండి?" అంది. ఆ ఇంట్లో నాతో నోరువిప్పి మాట్లాడేది ఆ అమ్మాయొక్కతే. ఆ మాట నన్ను కొన్నాళ్ళు బాధపెట్టింది.

ఒక శుక్రవారం పెద్దకొడుకు ఆయన్ను దివానియాకు, ఇంట్లో మగవాళ్ళు కూర్చుని మాట్లాడుకునే హాలుకు, పిలుచుకు రమ్మన్నాడు. నేను తలుపు కొట్టి చెప్పగానే ఆయన మొహం మాడిపోయింది. "పుస్తకం తెమ్మన్నాడా?" అన్నాడు. ఏ పుస్తకం అని అడిగాను. జట్టు ఆట ఎత్తులన్నీ రాసుకునే పుస్తకమట. అమెరికాలో ఎవరినైనా తీసేసేటప్పుడు పొద్దున్నే ఒక మనిషొచ్చి 'కోచ్ పిలుస్తున్నాడు, పుస్తకం పట్టుకురా' అంటాడట. ఆ మాట మూడుసార్లు విన్నవాడికి, తలుపు చప్పుడైతే చాలు, తీసేస్తున్నారనే అనిపిస్తుంది.

"పుస్తకం మాటేమీ అనలేదు సార్" అన్నాను.

అయినా ఆయన పోయి, ఎవరూ అడక్కుండానే క్లినిక్ సంగతంతా చెప్పేశాడు. మామా గుమ్మం దగ్గర నిలబడి విన్నది. పెద్దకొడుకు అసలు పిలిచింది కొత్త చొక్కాల రంగు తేల్చుకోవడానికి. అంతా విని అతను ఆయన్ను ఎండలు ముదిరేదాకా ఉండమన్నాడు, పక్కనుండి అన్నీ రాసుకోవడానికి ఒక ఆటగాణ్ణి పెట్టాడు. మామా మాత్రం నేను అబద్ధమాడిన సంగతి మరిచిపోలేదు. ఆ తర్వాత రెండేళ్ళు నేను ఏ బిల్లు తెచ్చినా రెండుసార్లు చూసేది.

జూన్‌లో ఆయన్ను ఎయిర్‌పోర్టులో దించాను. నా నంబరు రాయించుకుని పోయాడు. ఏడాది తర్వాత ఒక అమెరికా నంబరు నుంచి ఫోనొచ్చింది. ఒకావిడ, ఆయన చెల్లెల్నని చెప్పుకుంది. మాట్లాడాలా వద్దా అని వెనకాడుతోందని గొంతులోనే తెలిసింది.

"మా అన్న ఎడారి దేశంలో ఆట నేర్పానంటాడు. ఇక్కడ డాక్టరు అది ఊహ అంటున్నాడు. మీరు నిజంగా ఉన్నారా? ఆయన నిజంగా అక్కడ పనిచేశాడా?"

"పనిచేసినాడమ్మా" అన్నాను. "బాగా నేర్పినాడు."

ఆవిడ వెంటనే నమ్మలేదు. ఆయన ఉన్న గది ఎలా ఉండేదని అడిగింది, జట్టు చొక్కా రంగేమిటని అడిగింది. నేను ఒక్కొక్కటీ చెప్పుకుంటూ పోయాను.