గురుగ్రహానికి మచ్చలు పెట్టమన్నారు

2023, అట్లతద్ది సాయంత్రం, కవిటిలోని నా స్టూడియో. పెళ్లి ఫోటోలు నా జీవనోపాధి. చంద్రుణ్ణీ గ్రహాలనూ తీయడం వ్యసనం. ప్రతి ఫోటో వెనక తేదీ, వేళ, ఎక్స్‌పోజర్, అంటే కెమెరాలోకి వెలుగు పడనిచ్చిన కాలం, రాసి పెట్టుకుంటాను.

కొబ్బరికాయల వ్యాపారి నరసింగరావు పరుగున వచ్చి ఫోన్ చూపించాడు. నల్లని ఆకాశంలో గుండ్రని తెల్లటి బిళ్ల.

"మావా, దీనికి సెంద్రుడి మచ్చలెట్టీయ్. కంప్యూటర్లో అయిపోద్ది కదేటి!"

తూర్పున చంద్రుణ్ణి మబ్బు కప్పేసింది. ఆ మబ్బుకు పైన గురుగ్రహం వెలుగుతోంది. నరసింగరావు జూమ్ చేసి తీస్తే ఫోన్ దాన్ని ఓవర్ ఎక్స్‌పోజ్ చేసింది. అంటే మితిమీరిన వెలుగుతో చుక్కను బిళ్లగా ఉబ్బించింది. అదే చంద్రుడని, తద్ది ఉపవాసంలో ఉన్న భార్య పార్వతికి చూపించాడట. ఆమె "మచ్చలేవీ?" అని ఫోన్ తిరిగి ఇచ్చేసిందట.

నిర్ఘాంతపోయాను. "ఆ ఉపవాసం ఎవరి కోసమయ్యా?"

"నా కోసమే. తనేమో షుగరూ, కిడ్నీ జబ్బూ ఉన్న మనిషి. డాక్టరు వద్దన్నా ఇనలేదు. సెంద్రుణ్ణి సూడందే ముద్ద ముట్టదు. షుగరు పడిపోతన్నాది మావా. నీ నీతులు రేపు సెప్పు."

మచ్చలు మాత్రం పెట్టనని చెప్పి, కెమెరా, ట్రైపాడ్ పట్టుకుని అతని బండెక్కాను. కంటికి ఆననిది దీర్ఘమైన ఎక్స్‌పోజరుకైనా చిక్కుతుందని వాళ్ల డాబా మీంచి మబ్బును తీశాను. ఎన్నిసార్లు తీసినా బూడిదరంగే.

కింద పార్వతి గోడకు చేరగిలబడి ఉంది. నుదుటి నిండా చెమట. "వచ్చాడని సెప్పీయ్" అని నరసింగరావు నా చెవిలో గొణిగాడు. నేను కెమెరా తెర ఆమె ముందు పెట్టాను.

"ఫోటోలోకి రాలేదమ్మా. చంద్రోదయమైతే అయింది, మబ్బు వెనక ఉన్నాడు. నేనే తీయలేకపోయాను."

ఆమె ఆ బూడిదరంగును తేరిపార చూసి, భర్త వైపు తిరిగింది.

"ఈ మావయ్య రాకపోతే రాలేదనే సెప్పాడు. మబ్బెనకాల ఉన్నాడన్నదీ నిజమే అయ్యుంటది. నువ్వేమో మచ్చల్లేని బిళ్లని సూపించి సెంద్రుడన్నావు! అట్టు తే, అలా గుడ్లప్పగించి సూత్తావేటి?"

ఫోటో అంటే సాక్ష్యమని జీవితమంతా వాదించినవాణ్ణి. సాక్ష్యం దొరకలేదని ఒప్పుకున్నందుకు ఒక మనిషి నా మాట మీద ఎంగిలిపడటం చూసి నేటికీ విస్తుపోతున్నాను. మచ్చలు పెట్టి ఇచ్చినా ఆ పూటకు తినేదేమో. కానీ మోసం బయటపడితే, మరో మబ్బు పట్టిన అట్లతద్ది నాడు ఆమెకు ముద్ద తినిపించగల మాట ఆ ఇంట్లో ఎవరి దగ్గరా మిగిలేది కాదు.