మిరపకాయల కొట్టంలో ఆపా బడి

మొన్న బుధవారం పొద్దున బర్రెకు కుడితి పెడుతుంటే మా మనుమరాలు ఉరికొచ్చింది. "తాతా, ఆపా లేదట" అన్నది. లేకపోవడమేంది, దవాఖానకు తీసుకుపోయారా అని అడిగాను.  పిల్ల కుడితి గోలెం పక్కనే కూలబడింది. అప్పుడు తెలిసింది.

ఆపా అంటే వాళ్ళ ఉర్దూ మాటలో అక్క. ఆమె మా ఊరి దర్జీకి చెల్లెలు. మా ఊరు నర్సింహులపేటకు దగ్గర. అన్న షర్టులు, ప్యాంట్లు కుడితే ఈమె జాకెట్లు, లంగాలు కుట్టేది. పది పాసైంది. పెండ్లయిన ఏడాదికే మొగుడు చనిపోతే పుట్టింటికి తిరిగొచ్చి మిషన్ మీద కూర్చున్నది. నలభై కూడా దాటలేదు. నాకు డెబ్బై దాటాయి. ఎవరు ముందు పోవాలో పైవాడికి లెక్క తెలియదు.

నాకు చదువు రాదని ఊరంతా అనుకుంటుంది. సంతకం వచ్చు, అదీ బొమ్మ గీసినట్టు. కానీ ఈ కాగితం నా చేత్తో రాసిందే. మూడు రోజులు పట్టింది. తప్పులు మనుమరాలు దిద్దింది. ఇది ఎట్లా రాయగలిగానో ఒక్క మనిషికి చెప్పాల్సి ఉండె. ఆమె బతికి ఉండగా నోరు రాలేదు. ఇప్పుడు మీకు చెబుతున్నాను.

తెలంగాణ కోసం సమ్మె జరిగిన ఏడు మా ఊరి బడికి తాళం వేసింది నేనే. ఊరి కమిటీకి నేనే పెద్దను. వారాల తరబడి ఆ తాళంచెవిని మొలతాడుకు కట్టుకొని తిరిగాను. గర్వంగానే తిరిగాను, అబద్ధమెందుకు.

ఆ తర్వాతి ఎండాకాలం మిరపకాయలు అమ్ముడుపోయి మా కొట్టం ఖాళీ అయింది. ఒకరోజు ఆమె మా వాకిట్లోకి వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"పటేలా, మీ మనుమరాలు నాలుగో తరగతి. నిన్న లంగా కొలత ఇయ్యనీకి వస్తె గోడ మీది పోస్టర్ సదవమన్న. రెండక్షరాలు సదివి ఆగింది. ఊళ్ళె పిల్లలందరిదీ గిదే కథ."

"సమ్మె అంటే గట్లనే ఉంటది. రాష్ట్రం వచ్చినంక నేర్చుకుంటరు."

"రాష్ట్రం వచ్చిందని పేపర్ల రాస్తె సదవనీకన్న రావాలె కద. బడికి తాళం ఏసింది మీరే. తప్పు అంటలేను, తెలంగాణ నాకు గుడ కావాలె. గని గీ రెండు నెలలు మీ కొట్టం తాళం తీయుండ్రి. నేను చెప్త."

నా ముందు నిలబడి అట్లా అడిగిన మనిషి ఊళ్ళో లేడు. చాలా కోపం వచ్చింది. లోపలికి పోయి కొట్టం తాళంచెవి తెచ్చి ఇచ్చాను.

నాలుగుసార్లు అలికినా కొట్టంలో మిరప ఘాటు పోలేదు. మొదటి వారం పిల్లలు అక్షరానికి ఒక తుమ్ము తుమ్మారు. "తుమ్మెటోళ్ళు తుమ్ముండ్రి, సదివెటోళ్ళు సదువుండ్రి" అనేది ఆపా, తనూ తుమ్ముతూ. ఒక పాత తలుపు చెక్కకు బొగ్గు, దొండాకు పసరు కలిపి పూసి బోర్డు చేసింది. దాన్ని గుంజకు ఆనించి నిలబెట్టేది. కత్తిరింపుల్లో మిగిలిన గుడ్డ ముక్కలతో అక్షరాలు కుట్టింది. చిన్నవాళ్ళు కళ్ళు మూసుకొని వేలితో తడిమి అది ఏ అక్షరమో చెప్పాలి. పెద్దవాళ్ళు రోజూ ఇంటి నుంచి ఒక మాట తేవాలి, అవ్వనో తాతనో అడిగి. సినిమాల్లో మన మాటను ఎక్కిరిస్తే మనమే నవ్వుకుంటూ చూశాం. ఆమె ఆ మాటలనే బొగ్గుతో గోడ మీద రాయించింది. తొవ్వ, సోపతి, కైకిలి, నిమ్మళం. తను ఇచ్చిన మాట గోడ మీదికి ఎందుకు ఎక్కలేదని ఒక ముసలవ్వ కర్ర పట్టుకొని పంచాయితీకి వచ్చింది. మా మనుమరాలి మాటే బాగుండాలని నేను అన్నం తినేటప్పుడు రోజుకు నాలుగు మాటలు చెప్పి పంపేవాణ్ణి.

కొట్టంలో ఓ మూలకు నా నులక మంచం వేయించాను. పిల్లలు దూలాలెక్కుతారు, కాపలా ఉండాలె అని చెప్పాను. మంచం మీద ఒత్తిగిలి, పడుకున్నట్టు ఉండి, బోర్డు చూసేవాణ్ణి.

కొన్ని రోజులు పోయాక బోర్డు పిల్లలకు ఎదురుగా లేదని గమనించాను. కొంచెం నా మంచం వైపు తిరిగింది.

"ఆపా, బోర్డు వంకరగున్నది. మాకు సగమే కనవడుతుంది" అన్నాడొక పిల్లవాడు.

"మీరే గిటు జరుగుండ్రి. అటు పెడితె ఎండ పడుతది."

ఆ కొట్టంలోకి ఎండ వచ్చే సందే లేదు. నేను కళ్ళు మూసుకున్నాను.

నెల దాటింది. ఒకరోజు ఆమె బోర్డు మీద ఒక వాక్యం రాసి, ఎవరూ పైకి చదవొద్దు, మనసులో చదవాలె అన్నది. పిల్లలు పెదవులు కదుపుతున్నారు. నేనూ కూడబలుక్కుంటూ చదివాను. "మంచం కింద పాము ఉన్నది" అని ఉంది. చదవడం పూర్తి కాగానే రెండు కాళ్ళూ దగ్గరికి లాక్కొని లేచి మంచం మీద నిలబడ్డాను.

 కొట్టమంతా నవ్వు. "తాత సదివిండు, తాత సదివిండు" అని మా పిల్ల చప్పట్లు కొట్టింది. ఆపా కూడా నవ్వింది. అది ఎగతాళి నవ్వు కాదు, కష్టపడి కుట్టిన జాకెట్టు ఒంటికి సరిగ్గా సరిపోతే నవ్వినట్టు. ఈ మాట ఇప్పుడు అంటున్నాను. ఆనాడు నా కంటికి అట్లా కనిపించలేదు.

అందరినీ బయటికి వెళ్ళగొట్టి కొట్టానికి తాళం వేశాను.

 మరునాడు ఆపా పిల్లలను దర్జీ దుకాణం అరుగు మీద కూర్చోబెట్టుకుంది. సగం మంది ఎండలోనే. నాలుగో రోజు నేను ఎదురుగా హోటల్లో చాయ్ తాగుతున్నాను. ఆమె కుట్టిన జాకెట్టు విప్పుతోంది. ఆ జాకెట్టు కుట్టించుకున్న ఆడమనిషి అడిగింది, "గింత కుట్టినంక ఇప్పవడితివేందమ్మా?"

"తప్పు కుట్టిన అక్కా. ఇప్పి కుడితె సిగ్గు లేదు. తప్పుదే తొడిగిస్తె సిగ్గు."

నన్ను చూసి అన్నదో, మామూలుగా అన్నదో తెలియదు. అడగలేదు. మరునాడు పొద్దున్నే పోయి తాళం తీశాను. ఆమె వచ్చి ఊడ్చింది, చాపలు పరిచింది, బోర్డు నిలబెట్టింది. మళ్ళీ నా మంచం వైపే తిప్పింది.

"నిమ్మళమేనా బాపూ?" అన్నది, మనసు కుదుటపడిందా అన్నట్టు. అంతవరకు పటేలా అనేది. బాపూ అనడం అదే మొదలు.

తప్పయింది బిడ్డా అని నేను అనాల్సింది అప్పుడే. తల ఊపి మంచం మీద పడుకున్నాను. ఆనాటి నుంచి ఆమె నా చదువు సంగతి ఎవరి ముందూ ఎత్తలేదు. తాత ఊరికే భయపడ్డడు అని పిల్లలకు కూడా సర్ది చెప్పింది.

రెండో ఎండాకాలం నాకు ఒత్తులు పట్టుబడ్డాయి. మొన్న చలికాలం చివర ఢిల్లీలో తెలంగాణ బిల్లు పాసైన మరునాడు, హోటల్లో పేపర్ తీసుకొని పై వరుస మొత్తం నేనే చదివాను. ఎవరూ చెప్పకుండా, ఎవరినీ అడగకుండా. బయట పటాకులు, డప్పులు. నేను నేరుగా దర్జీ దుకాణానికి పోయాను. ఆమె మిషన్ ఆపింది.

"వచ్చిందట బిడ్డా."

"పేపర్ల ఏం రాసిన్రు బాపూ?"

నా ముఖంలోకే చూస్తూ అడిగింది. నా కోసం తలుపు తీసి పట్టుకున్నట్టు అడిగింది. నేను చదివిన, నువ్వు నేర్పితేనే చదివిన అంటే చాలు. దుకాణంలో మరో ఇద్దరున్నారు.

"నాకేం ఎరుక. ఎవలో చెప్పిన్రు" అన్నాను.

ఆమె తల ఊపింది. మిషన్ మళ్ళీ తిరిగింది. ఆ చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో తిరుగుతోంది.

తర్వాత ఆమెకు కామెర్లయ్యాయి. పసరు తాగింది, దవాఖానకు పోయింది, తిరిగొచ్చింది. చూడడానికి పోతే గోడకు ఆనుకొని గుడ్డ అక్షరాలకు అంచులు కుడుతోంది. చేతులు పసుపు ముద్దల్లా ఉన్నాయి. "గీ ఎండకాలం కొట్టం తాళం తీస్తరా బాపూ?" అని అడిగింది. తియ్యక ఏం జేస్త, నువ్వు ముందు మందులు ఏసుకో అన్నాను. చెప్పాలనే పోయాను. ఆమె లేచి తిరుగుతున్నప్పుడు చెబుదాంలే అనుకొని వచ్చాను. వారం తిరగలేదు.

మట్టి ఇచ్చేటప్పుడు వాళ్ళ పద్ధతి ప్రకారం నేనూ మూడు పిడికిళ్ళు వేశాను. ఒక్కో పిడికిటికి ఆ మాట నోటి దాకా వచ్చింది. మగవాళ్ళంతా చుట్టూ ఉన్నారు. డెబ్బై ఏళ్ళ గర్వం, గోరీ దగ్గర కూడా నన్ను వదల్లేదు.

ఇంకొన్ని రోజుల్లో రాష్ట్రం వస్తుంది. నిన్న పొద్దున ఏడింటికి పిల్లలు పలకలు పట్టుకొని కొట్టం ముందర నిలబడ్డారు. ఎవరు రమ్మన్నారో తెలియదు. పోయి తాళం తీశాను. మిరప ఘాటుకు వరసగా తుమ్మారు. ఎవరూ నవ్వలేదు.

"చిన్నోళ్ళకు నేను చెప్త తాతా" అన్నది మనుమరాలు. చాపలు పరిచింది. బోర్డును రెండు చేతులతో ఈడ్చి పిల్లలకు ఎదురుగా తిప్పింది. ఇట్లా పెట్టనా అని అడిగింది. పెట్టమన్నాను. నేల అలుకుతానంటే మాత్రం వద్దన్నాను.

రెండు ఎండాకాలాలు ఆ చెక్క మూలలు నిలబడిన చోట నేలలో రెండు చిన్న గుంతలు పడ్డాయి. బోర్డు పక్కకు జరిగింది. ఆ గుంతలు నా మంచం వైపే ఉన్నాయి.