ఎస్తేరమ్మ లెక్కలో ఒకటి ఎక్కువ

2022లో కడియంలోని ఒక నర్సరీకి లోడింగ్ సాఫ్ట్‌వేర్ రాశాను. రాజమండ్రిలో మాది రెండు గదుల ఆఫీసు. అప్పటిదాకా మందుల షాపులకు బిల్లింగ్ రాసుకునేవాళ్లం, మొక్కల జోలికి పోవడం అదే మొదలు. లారీ ఎక్కే ప్రతి ట్రేకీ స్టిక్కర్ ఉంటుంది, దాన్ని ఫోన్‌తో స్కాన్ చేస్తారు. లోడు మధ్యలో ట్రేలు మార్చడం వాళ్లకు మామూలే కాబట్టి లింక్‌డ్ లిస్ట్ అనే గొలుసు పద్ధతి వాడాను. అందులో ఒక్కో ట్రేకీ తన తర్వాతి ట్రే ఏదో మాత్రమే తెలుస్తుంది. మొత్తం ఎన్నో కావాలంటే మొదటి నుంచి ఒక్కొక్కటే దాటుకుంటూ లెక్కపెట్టాలి.

వారం తిరక్కుండా యజమాని సత్తిబాబుగారు ఫోన్ చేశారు. ప్రతి లారీకీ ఫోన్ లెక్క కంటే ఎస్తేరమ్మ లెక్క ఒకటి ఎక్కువ వస్తోందట. ఆవిడ ఇరవై ఏళ్లుగా లారీ పక్కన నిలబడి నోటితో లెక్కపెడుతున్న మనిషి. ఆయన మాత్రం ఫోన్‌నే నమ్మారు. సోమవారం నుంచి ఆవిడను కలుపు తీతకు పంపేస్తానన్నారు. ప్రతిసారీ సరిగ్గా ఒకటే తేడా అన్నప్పుడు నా కోడ్ మీద నాకు అనుమానం రావాలి. రాలేదు. పైగా ఆవిడ తప్పు పట్టుకుందామనే బయల్దేరాను.

నేను నర్సరీకి వెళ్లేసరికి లారీకి లోడు ఎక్కుతోంది. ఎస్తేరమ్మ "లాభం, రెండు, మూడు" అంటూ మొదలుపెట్టింది. ధాన్యం కొలిచేవాళ్లు ఒకటి అనకుండా లాభం అంటారు కదా, ఆ అలవాటే. అది ఉత్త శుభం మాటేననీ, అప్పుడు ట్రే ఏదీ ఎక్కలేదనీ, మొదటి ట్రేనే రెండు అంటోందనీ అనుకుని, తేడా దొరికిందని సంబరపడి, ఆ ముక్క ఆవిడ మొహానే చెప్పాను.

కలుపు తీయడానికి తనకేమీ నామోషీ లేదనీ, దొంగలెక్క చెప్పిందన్న మాట పడి మాత్రం వెళ్లననీ అంది.

"ఒక్క ట్రేనే ఎక్కించి చూద్దారండి బాబుగారూ."

లారీలో ఒక్క మల్లెమొక్కల ట్రే పెట్టించి, దాని మీద చెయ్యి వేసి "లాభం" అంది. దాని స్టిక్కర్ స్కాన్ చేస్తే నా ఫోన్ సున్నా చూపించింది.

అక్కడే లాప్‌టాప్ తెరిచాను. నా లూప్, అంటే ఒకే పనిని మళ్లీ మళ్లీ చేసే కోడ్ ముక్క, తర్వాతి ట్రే ఉంటేనే ఒకటి కలుపుతోంది. చివరి ట్రేకి తర్వాతిది ఉండదు కాబట్టి దాన్ని వదిలేస్తోంది. ఈ సంగతి ఆవిడకు చెప్పాను.

"దాని వెనకాల ఇంకోటి లేకపోతే అది లెక్కలోకి రాదాండి?" అంది.

సత్తిబాబుగారిని పిలిచి, కూలీలందరూ వింటుండగా తప్పు నాదేనని చెప్పాను. ఆయన ఆవిడ వైపు తిరిగారు.

"ఎస్తేరమ్మా, సోమవారం లారీ ఆరింటికే వస్తుంది. నువ్వే చూసుకోవాలి."

కోడ్‌లో నేను మార్చింది ఒక్క లైను. ఆ లైనులో తప్పు మూలంగా ఒకావిడ ఇరవై ఏళ్ల పేరు పోబోయింది. ఇప్పుడు లెక్క తేడా వచ్చిందని ఎవరు ఫోన్ చేసినా ముందు నా కోడే తెరిచి చూస్తాను. మనిషిని అనుమానించడానికి తర్వాత బోలెడంత టైముంటుంది.