కరివేపాకు పురుగు కోసం అబ్దుల్లాపూర్‌మెట్ దాకా

ఆదివారం పొద్దున ఎనిమిదింబావుకు నేనూ, రెండో తరగతి చదివే మా అమ్మాయి సహస్రా ఇబ్రహీంపట్నం బస్టాండులో ఎల్బీ నగర్ బస్సు కోసం నిలబడ్డాం. వెళ్తున్నది గుడికీ కాదు, చుట్టాలింటికీ కాదు. ఒక పురుగు కోసం.

ఎందుకో ముందే చెప్పాలి. ఈ ఏడు సహస్ర వాళ్ళ బడిలో పిల్లలంతా కలిసి మా మండలానికి గుర్తుగా ఒక సీతాకోకచిలుకను ఎన్నుకున్నారు. రాష్ట్రానికి పాలపిట్ట, జింక, జమ్మిచెట్టు, తంగేడు పువ్వు ఉన్నాయి. మహారాష్ట్రవాళ్ళు సీతాకోకచిలుకను కూడా పెట్టుకున్నారు, మన ఊళ్ళకు మనమూ ఒకటి పెట్టుకుందాం అన్నారట టీచరు. చేతులెత్తి ఓట్లు వేస్తే, నల్లటి రెక్కల మీద తెల్లమచ్చల వరస ఉండేది గెలిచింది. ఇక్కడ కరివేపాకు చెట్టున్న ప్రతి ఇంటి దగ్గరా తిరిగేది అదే. సోమవారం బడి గోడ మీద దాని బొమ్మ వేస్తారు. ఆ రోజు దాని పురుగును తెచ్చి అందరికీ చూపించే పని సహస్రది. మా బాల్కనీ కుండీలో కరివేపాకు మీద ఐదు పురుగులున్నాయి మరి.

ఆ సంగతి నాకు చెప్పిందట. ఏదో పనిలో ఉండి ఊ కొట్టాను కానీ చెవికెక్కలేదు. శనివారం పొద్దున చూస్తే మొక్క సగం మోడై ఉంది. పిల్లకు ఎక్కడ తగులుతాయో, ఒళ్ళంతా దద్దుర్లు లేస్తాయేమో అని హడలిపోయి, ఐదింటినీ పుల్లతో తీసి సబ్బునీళ్ళ మగ్గులో వేశాను. సహస్ర వచ్చి మగ్గులోకి చూసింది. ఏడవలేదు. అప్పటినుంచి నాతో మాట్లాడటం మానేసింది.

ఆ సాయంత్రం అపార్ట్‌మెంటులో అందరి కుండీలూ వెతికాను. ఒక్కటీ దొరకలేదు. మార్కెట్లో కరివేపాకు అమ్మే ఆమెను అడిగితే, అబ్దుల్లాపూర్‌మెట్ అవతల ఎకరాల తోట ఉందంది. అంత తోటలో ఒక్క పురుగు దొరకదా అనుకున్నాను. ఆదివారం మేం బయలుదేరేసరికి, ఆదిభట్లలో రాత్రి డ్యూటీ చేసి కంపెనీ బస్సు దిగిన మా ఆయన పడుకున్నారు. లేపలేదు. నాకూ రాత్రంతా నిద్ర లేదు.

ఎనిమిదీ ముప్పై అయిదుకు బస్సు కదిలింది. మాలాగా బయటి రాష్ట్రాల నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ళు ఒక విషయం గుర్తుపెట్టుకోండి: ఆధార్‌లో ఇక్కడి అడ్రస్ ఉంటేనే ఆడవాళ్ళకు ఉచితంగా జీరో టికెట్. నాది ఇంకా గుంటూరు అడ్రస్సే.

"ఎన్నేండ్లయిందమ్మా వచ్చి?" అంది కండక్టరు.

"ఏడేళ్ళండి."

"ఏడేండ్లల్ల ఒక్కనాడు తీరలేదా?" అని టికెట్ కొట్టి ముందుకు వెళ్ళింది.

బొంగులూరు గేటు దగ్గర ఎక్కిన ఒక పెద్దావిడ మా పక్కన కూర్చుంది. సహస్ర ముఖం చూసి, "బిడ్డకు పానం బాగలేదా? దవాఖానకా?" అని అడిగింది. కాదు, పురుగు కోసమని చెప్పాను.

"మా వంకాయలల్ల పురుగులు మస్తున్నయి. బస్సు కిరాయి దండగ చేసినవ్."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. సహస్ర కిటికీ వైపు తిరిగింది.

తొమ్మిదీ నలభైకి ఎల్బీ నగర్. అక్కడ ఇడ్లీ తిన్నాం. తిన్నాం అంటే నేను తిన్నాను, తను ఒకటి తుంచి వదిలేసింది. పది దాటాక విజయవాడ రోడ్డు మీద వెళ్ళే బస్సు దొరికింది. నిలబడే వెళ్ళాం. పదకొండుకు అబ్దుల్లాపూర్‌మెట్‌లో దిగి, షేర్ ఆటోలో తోట దాకా మరో పావుగంట. వెళ్ళదలచినవాళ్ళు గొడుగు తీసుకెళ్ళండి. దారిలో నీడ లేదు.

తోట నిజంగానే పెద్దది. వరసలు వరసలుగా నడుమెత్తు మొక్కలు, ఒక్క ఆకుకూ చిల్లు లేదు. ఇద్దరం ఎండలో వంగి వంగి నాలుగు వరసలు వెతికాం. నడుం పట్టేసింది. మందు వాసనకు తల తిరిగింది. పిల్ల ఆ ఆకులు ముట్టుకుంటోందే అని ఇంకో భయం. అప్పుడు గట్టు మీద కట్టలు కడుతున్న ఒకామె పిలిచింది. తోట వాళ్ళదే, పేరు రసూల్‌బీ. అరవై ఏళ్ళుంటాయి.

వచ్చిన పని చెప్పగానే ఆమెకు నవ్వాగలేదు. "గీ తోటల పురుగు యాడికెళ్లొస్తదమ్మా? వారం వారం మందు కొడ్తం. ఆకుకు ఒక్క బొక్కున్నా బేరగాడు తీస్కపోడు."

మూడు గంటలు ప్రయాణం చేసినా రాని అలసట ఆ ఒక్క మాటతో మీద పడింది. పురుగు ఉండని చోటు ఏదో ఏరికోరి అక్కడికే వచ్చాను. అక్కడే గట్టు మీద కూర్చుండిపోయాను.

"మీరూ ఈ ఆకే వాడతారా అండి?" అన్నాను, ఏదో ఒకటి అనాలని.

"గీ మందాకు మేం తింటమా? మాది వేరే ఉంది. రా బిడ్డా" అని సహస్ర చెయ్యి పట్టుకుని ఇంటి వెనక్కి తీసుకెళ్ళింది.

గిన్నెలు తోమే చోట, ఆ నీళ్ళతోనే పెరిగిన ఒక కరివేపాకు చెట్టు. ఆకులన్నీ చిల్లులే. దానికెప్పుడూ మందు కొట్టలేదట. సహస్ర కొమ్మ వంచి ఒక్కొక్క ఆకూ తిప్పింది. కాసేపటికి చెయ్యి ఆగింది. ఆకు మధ్య ఈనె మీద వేలెడంత పచ్చటి పురుగు.

రసూల్‌బీ లోపలికెళ్ళి ఖాళీ మిఠాయి డబ్బా తెచ్చింది. మూతకు దబ్బనంతో రంధ్రాలు పొడిచి, పురుగున్న రెమ్మను తుంచి అందులో పెట్టింది. "మీ అమ్మకియ్యి, పట్టుకుంటది."

"అమ్మకొద్దు. చంపేస్తుంది."

నిన్నటినుంచి నా గురించి అన్న మొదటి మాట. రసూల్‌బీ నావైపు చూసింది. "నిజమేనా?"

"అవునండి. సబ్బునీళ్ళలో వేశాను."

"అవ్, అందరం చేసిన పనే. నేనైతే చెప్పుతోటి." అని, సహస్రతో, "ఆమెకు తెల్వదు బిడ్డా. జర దాని నెత్తి మీద వేలు పెట్టుమను, ఏమైతదో చూడు" అంది.

దద్దుర్లు లేస్తాయనే అనుకుంటూ వేలు పెట్టాను. తల వెనకనుంచి రెండు ఎర్రటి కొమ్ములు సర్రున బయటికొచ్చి, పులిసిన నారింజ తొక్కలాంటి ఘాటు వాసన కొట్టింది. నేను వెనక్కి గెంతి గిన్నెల మీద పడబోయాను. సహస్ర కిలకిలా నవ్వింది. "ఏం చెయ్యదమ్మా, భయపెడుతుంది అంతే" అంది. నాతోనే అంది.

రసూల్‌బీ జొన్నరొట్టె, పప్పు పెట్టింది. పప్పులో ఆ చెట్టు ఆకే. "పురుగు తిన్న ఆకే మనం తినాలె" అంది. సహస్ర రెండు రొట్టెలు తింది.

ఒంటిగంటకు బయలుదేరి, ఎల్బీ నగర్‌లో రెండూ యాభైకి ఇబ్రహీంపట్నం బస్సెక్కాం. ఈసారి సీటు దొరికింది. ఈ దారిలో వెళ్ళేవాళ్ళకు నేను చెప్పగలిగింది ఇంతే: పెద్ద తోటలకు వెళ్ళకండి, ఎవరైనా తమ కోసం పెంచుకున్న చెట్టును అడగండి. అది మీ పక్కింటి పెరట్లోనే ఉండవచ్చు.

తుర్కయాంజాల్ దాటేసరికి సహస్ర కళ్ళు మూతలు పడుతున్నాయి. డబ్బాను ఒళ్ళో అటూ ఇటూ సర్దుకుంది. చివరికి నావైపు జరిపింది.

"పట్టుకో. ఊపకు. మూత తియ్యకు. నిద్రపోకు."

నా భుజం మీద తల పెట్టి వెంటనే నిద్రపోయింది. బస్సు గతుకుల్లో ఎగిరినప్పుడల్లా రెండు చేతులతో డబ్బాను గాల్లోకి ఎత్తి పట్టుకున్నాను. లోపల బతికే ఉందా, ఊపిరాడుతోందా, ఆకు తింటోందా అని ఒకటే ఆదుర్దా. చెవి ఆనించి విన్నాను. ఇంజను చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. ఇబ్రహీంపట్నం వచ్చేదాకా మూత మాత్రం తియ్యలేదు.