అవతలి గొంతు లేని సాక్ష్యం

నాతో ఫోన్లో మాట్లాడినవాళ్లు రెండు రోజులకు మాట మార్చేస్తారు. "నేనట్ల అనలే" అంటారు. సూర్యాపేటలో నాతో వాదించి గెలవలేనివాళ్లంతా పట్టుకునే దారి ఇదే. అందుకే కాల్స్ రికార్డు చేసే యాప్ ఒకటి ఫోన్లో వేసుకున్నాను. పనిమనిషిని పెట్టుకోవాలంటే వీధంతా వాకబు చేసే మనిషిని, ఆ యాప్ మైకు అడిగినా, కాల్స్ అడిగినా, నా దగ్గరున్న నంబర్లన్నీ అడిగినా చదవకుండానే సరే నొక్కుతూ పోయాను.

"నీ మాటలు వినెతందుకు నేనొక్కణ్ని సాలనా?" అన్నాడు మా ఆయన.

"మీరు వింటే గదా" అన్నాను.

ఆ యాప్‌కు పని కల్పించింది మా ఆడబిడ్డ. మా ఆయన చెల్లెలు, మిర్యాలగూడలో ఉంటుంది. కూతురికి చీర కట్టించే ఫంక్షన్ పెట్టుకుంది. ఆ చీర మేనమామ ఇంటి నుంచి వెళ్లాలి, ఆయన భార్యగా నేనే కట్టాలి. చీర ఎప్పుడో కొని బీరువాలో పెట్టాను. కానీ మాలో ఇంటికొచ్చి బొట్టు పెడితేనే పిలిచినట్టు. ఆమె కోదాడ పోయి మా తోటికోడలికి పెట్టింది, నేరేడుచర్లలో ఎవరో దూరపు చుట్టానికీ పెట్టింది. నా గడప మాత్రం తొక్కలేదు. నేను రానని కబురు పంపాను. వెంటనే అమ్మాయి మెసేజ్ పెట్టింది: "అత్తా, నువ్వు కట్టకుంటే నేను అసలు చీరే కట్టుకోను." అది చదివి నాకు అన్నం సయించలేదు. అయినా పిలవకుండా ఎలా వెళ్లను?

మర్నాడే ఆడబిడ్డ ఊగిపోతూ దిగింది.

"మోకాళ్లు నొస్తున్నయ్, ఫోన్ల పిలిస్తే ఏమన్న అనుకుంటవా వదినా అని అడిగిన. అట్లనే కానీ అన్నవ్ గదా."

"కోదాడకు పోంగ లేని నొప్పి సూర్యాపేటకు రావాలంటెనే వచ్చిందా? బేస్తవారం వచ్చి బొట్టు పెడ్తనన్నవ్. గందుకే అట్లనే అన్న."

"బేస్తవారం మాటనే నా నోట్లెకెల్లి రాలే."

ఇన్నాళ్లూ నేను ఎదురుచూసింది ఈ మాట కోసమే. ఫోన్ తీసి ఆ రోజు మేం మాట్లాడుకున్న కాల్ రికార్డింగ్ పెట్టాను.

నా గొంతు గంటలా వినిపించింది. మా పక్కింటివాళ్ల మీద నా అభిప్రాయం, సోరకాయ పప్పులో నేనేం వేస్తానో, అన్నీ ఉన్నాయి. తర్వాత నిశ్శబ్దం. "అట్లనే." మళ్లీ నిశ్శబ్దం. "అట్లనే కానీ తియ్." ఆడబిడ్డ గొంతు ఎక్కడా లేదు. ఈ ఫోన్లలో స్పీకర్ పెడితే తప్ప అవతలివాళ్ల మాట యాప్‌కు అందదని నాకు అప్పుడే తెలిసింది.

"మనింట్ల ఎప్పుడైన ఒక దిక్కు మాటనే గదా వినొచ్చేది" అన్నాడు మా ఆయన.

"ఆ సప్పుడు లేని కాడ నేనడిగిందే ఉన్నది" అంది ఆడబిడ్డ.

"గాడ బేస్తవారం ఉన్నది" అన్నాను.

వెనక్కి జరిపి మళ్లీ విన్నాం. ఏమీ వినిపించని ఆ చోటును ఇద్దరం చెవులు రిక్కించి వింటూ, అందులో ఏముందో ఒకరికొకరం వివరించుకున్నాం. మా ఆయన లేచి వెళ్లి చాయ్ పెట్టాడు.

చాయ్ తాగేటప్పటికి నాకు అమ్మాయి మెసేజ్ మళ్లీ గుర్తొచ్చింది.

"ఇగ వచ్చినవ్ గదా, బొట్టు పెట్టిపో" అన్నాను.

"కొట్లాటకు వచ్చిన. కుంకుమ తేలే."

"దేవుని అర్రల ఉన్నది. నా కుంకుమతోనే నన్ను పిల్వు."

తెచ్చింది. పగంతా బొటనవేలికి తెచ్చుకుని నా నుదుటి మీద అదిమింది. "రేపు పెట్టలేదనకు. ఫోటో తీయించుకో."

తీయించుకున్నాను. మా ఆయన తీసిన ఫోటోలో నా నుదురు సగమే పడింది. అదే అమ్మాయికి పంపాను. నిమిషంలో ఫోన్ చేసింది.

"అత్తా, చీర ఏ రంగు?"

"అది ఫోన్ల చెప్పేది కాదు" అన్నాను.